పైటా కొంగూ ఒక సైన్సు మాటా

నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం నాలుగో అధ్యాయంలో ఒక పట్టిక ఉంది. ఎడమ గడిలో జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’. కుడి గడిలో కొంగు మీద జూపాక సుభద్ర రాసిన కవిత. రెంటి మధ్యా ఒక బాణం గుర్తు వేసి, దాని మీద ‘హోమాలజీ’ అని రాసుకున్నాను. బాణం ఎడమ నుంచి కుడికి పోతుంది. వైవాలో ఆ బాణం గురించి ఎవరూ అడగలేదు. పట్టిక బావుందన్నారు.

డిగ్రీ వచ్చిన రెండేళ్ళకి ఒక సెమినార్లో ఆ అధ్యాయాన్నే కుదించి చదివాను. నేను కూర్చోబోతుంటే వెనక వరసలోంచి ఒక రీసెర్చ్ స్కాలర్ లేచి, “అక్కా, మా అమ్మ కొంగు మీ పైటకు బిడ్డ ఎప్పుడైంది?” అని అడిగింది. కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ నచ్చదు. “బిడ్డ అని నేనలేదమ్మా, హోమాలజీ అన్నాను” అని, సైన్సు మాట విప్పి చెప్పే టీచరమ్మలా సర్దబోయాను. “నేనూ అదే అడుగుతున్న. హోమాలజీ అంటె ఒక్క తల్లి పిల్లలని కదా. మరి ఆ తల్లెవరు?” అంది. ఆ అమ్మాయి డిగ్రీలో జువాలజీ చదివిందని తర్వాత టీ తాగుతున్నప్పుడు తెలిసింది.

ఆ ప్రశ్నకి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఏళ్ళ తరబడి వాడుతున్న మాట ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతుల మీదుగా నా దాకా వచ్చిందో నేను చూసుకోలేదు. సిద్ధాంత పదాలతో మనలో చాలామందికి ఉన్న సంబంధం ఇంతే అనుకుంటాను. అత్తగారింటి నగల్లా, ఎవరు చేయించారో తెలియకుండానే పెట్టుకు తిరుగుతాం.

నిజానికి ఆ మాటతో నా పరిచయం థియరీ పుస్తకాల్లో మొదలవలేదు. స్కూల్లో జీవశాస్త్రం పాఠంలో ఒక బొమ్మ ఉండేది. మనిషి చెయ్యి, గబ్బిలం రెక్క, గుర్రం ముందు కాలు, తిమింగలం తెడ్డు. ఒకటి పట్టుకోవడానికి, ఒకటి ఎగరడానికి, ఒకటి పరిగెత్తడానికి, ఒకటి ఈదడానికి. చర్మం తీసేసి చూస్తే అన్నిట్లోనూ అవే ఎముకలు, అదే వరస. భుజాస్థి, రత్ని, అరత్ని, మణికట్టు ఎముకలు, వేళ్ళు. వీటిని నిర్మాణసామ్య అవయవాలంటారని బట్టీ పట్టాం. దాని పక్కనే రెండో బొమ్మ. పక్షి రెక్క, సీతాకోకచిలుక రెక్క. చేసే పని ఒకటే, లోపల పోలికే లేదు. అవి క్రియాసామ్య అవయవాలు. ఒక మార్కు ప్రశ్నకి ఇంతకంటే అక్కర్లేదు.

ఈ తేడాను ఒక నిర్వచనంగా నిలబెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ ఓవెన్, 1843లో. రూపం ఎంత మారనీ, పని ఎంత మారనీ, వేర్వేరు జంతువుల్లో ఉన్న అదే అవయవం అన్నాడాయన. ‘అదే’ అన్నాడు కానీ అది ఎందుకు అదో చెప్పడానికి ఆయన దగ్గర ఉన్నది పరిణామం కాదు. ఒక ఆదర్శ నమూనా. వెన్నెముక ఉన్న జంతువులన్నిటికీ వెనక ఒక మూల అస్థిపంజరం ఉందనీ, మిగిలినవన్నీ దాని రకరకాల రూపాలనీ ఊహించి దాని బొమ్మ కూడా గీశాడు. ఆ జంతువు ఎక్కడా బతకలేదు. అది సృష్టికర్త మనసులోని పథకం. 1859లో డార్విన్ వచ్చి ఆ ఆదర్శ నమూనా కుర్చీలో ఒక పూర్వజ జీవిని కూర్చోబెట్టాడు. చేతులు ఒకలా ఉండటానికి కారణం పథకం కాదు, చుట్టరికం అన్నాడు. మాట మారలేదు, మాట కింద నేల మారింది. ఇది గందరగోళమేనని 1870లో రే లాంకెస్టర్ అనే జంతుశాస్త్రజ్ఞుడు గుర్తించి, హోమాలజీ అనే మాటలో పాత ఆదర్శవాద వాసన పోలేదు కనక వదిలేద్దామన్నాడు. చుట్టరికం వల్ల వచ్చిన పోలికకి ఒక పేరు, విడివిడిగా పుట్టి ఒకలా తయారైన పోలికకి ఇంకో పేరు పెట్టాడు. ఆయన పెట్టిన రెండో పేరు, హోమోప్లసీ, నిలబడింది. హోమాలజీ మాత్రం ఎక్కడికీ పోలేదు.

అంటే ఈ మాట లోపల రెండు ప్రశ్నలు ఎప్పుడూ కలిసే ఉన్నాయి. తల్లి ఎవరు అన్నది ఒకటి. నమూనా ఎవరు అన్నది రెండోది. సెమినార్లో ఆ అమ్మాయి మొదటిది అడిగింది. నా బాణం రెండోదాన్ని దాచింది.

తెలుగులో చూస్తే ఇంకో విచిత్రం. అవయవాల దగ్గర నిర్మాణసామ్యం అన్న మాటే, క్రోమోజోముల పాఠానికి వచ్చేసరికి ‘సమజాత’ అయింది. రసాయనశాస్త్రంలో ‘సమజాత శ్రేణి’ అయింది. ఇంగ్లీషులో ఒకే మాటను మనవాళ్ళు ఒకచోట నిర్మాణం వైపు నుంచీ, ఒకచోట పుట్టుక వైపు నుంచీ అనువదించారు. తెలిసి చేశారో తెలియక చేశారో కానీ, ఓవెన్‌కీ డార్విన్‌కీ మధ్య జరిగిన తగాదా అంతా ఈ రెండు తెలుగు మాటల మధ్య ఉంది. సమజాత అంటే ఒకేలా పుట్టినది. జాత, జాతి రెండూ ఒకే ధాతువులోంచి వచ్చినవి. పుట్టుకే మనిషి కొలతగా ఉన్న సమాజంలో క్లాసురూములో రోజూ సమజాత, సమజాత అని పలికిన పిల్లలం, ఆ మాటలో ఏముందో ఒక్కసారి కూడా వినలేదు. బెంచీల మీద ఎవరి పక్కన ఎవరు కూర్చునేవాళ్ళో మాత్రం నాకు బాగా గుర్తుంది.

రసాయనశాస్త్రంలో సమజాత శ్రేణికి తల్లి ఉండదు. మీథేన్, ఈథేన్, ప్రొపేన్... ఒక్కో మెట్టుకీ ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు కలుస్తూ పోతాయి. మొదటిది తెలిస్తే ఆరోదాని గుణం ఎలా ఉంటుందో చాలావరకు ఊహించవచ్చు. మన సాహిత్య చరిత్రలు తమకు తెలియకుండానే ఈ పద్ధతి పట్టుకున్నాయి. మొదట స్త్రీవాదం. దానికి కులం కలిపితే దళిత స్త్రీవాదం. మతం కలిపితే ముస్లిం స్త్రీవాదం. ప్రాంతం కలిపితే మరొకటి. మూలపదార్థం చెడకుండా ఒక్కో అణువు తగిలించుకుంటూ పోవడం! నా బాణం చేసిన పని కూడా ఇదే. తారీఖు ప్రకారం ముందు వచ్చిన కవితను మీథేన్ చేశాను.

నమూనా ఎవరు అన్న ప్రశ్న స్త్రీలకు కొత్తదేం కాదు. రెండో శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు, పురుషుడి జననాంగాలను లోపలికి తిప్పితే స్త్రీవి, స్త్రీవి బయటికి తిప్పితే పురుషుడివి, భాగాలన్నీ అవే అని రాశాడు. వినడానికి సమానత్వంలా ఉంటుంది. కానీ స్త్రీ శరీరంలో వేడి చాలక అవి లోపలే ఉండిపోయాయన్నది ఆయన వివరణ. ఆమెది పూర్తికాని పురుష శరీరం అన్నమాట. అండాశయానికి శతాబ్దాల పాటు సొంత పేరు లేదు. దాన్ని స్త్రీల వృషణం అన్నారు. థామస్ లాకర్ 1990లో ఈ చరిత్రంతా రాశాడు. అది ఆయన చెప్పినంత ఏకరీతిగా లేదని హెలెన్ కింగ్ లాంటి చరిత్రకారులు తర్వాత గట్టిగానే వాదించారు. ఆ వివాదం ఎలా తేలినా, పోలిక ఏ దిక్కుగా నడిచిందో మాత్రం స్పష్టం.

ఇవాళ్టి పిండశాస్త్రం చెప్పేది వేరు. గర్భంలో ఆరో వారం దాకా అండాశయం, వృషణం అని విడిగా లేవు. ఎటైనా పోగల ఒకే మూల కణజాలం ఉంటుంది. బయటి అంగాలూ అంతే, ఒకే మొగ్గలోంచి రెండు దారులు పడతాయి. ఒకటి ఇంకోదానికి నకలు కాదు, రెండూ మూడోదానికి బిడ్డలు. ఇది నిజమైన హోమాలజీ. అయినా పుస్తకాలు రాసేటప్పుడు క్లిటోరిస్ పురుషాంగానికి సమానమైన భాగం అనే రాస్తాయి కానీ, పురుషాంగం క్లిటోరిస్‌కి సమానమైన భాగమని రాసిన వాక్యం నా కంటపడలేదు. దాని పూర్తి ఆకారాన్ని, లోపల ఎంత మేరకు విస్తరించి ఉందో ఆస్ట్రేలియా సర్జన్ హెలెన్ ఒకానెల్ జాగ్రత్తగా కోసి చూసి 1998లో ప్రచురించేదాకా చాలా వైద్య పుస్తకాల్లో అది ఒక చుక్కే. సమానం అన్నాక దాన్ని విడిగా చూడాల్సిన పని లేదనుకున్నారు కాబోలు.

ఇంతా తెలిసిన స్త్రీవాద పరిశోధకురాలిని నేను. గాలెన్‌ని తిట్టిన చేత్తోనే ఆ బాణం గీశాను.

మాట సాహిత్యంలోకి వచ్చిన దారి కూడా చెప్పాలి. లూసియన్ గోల్డ్‌మన్ 1964లో వెలువరించిన నవలా సమాజశాస్త్రం పుస్తకంలో, నవలా రూపానికీ మార్కెట్ సమాజంలో మనుషులకూ సరుకులకూ ఉండే సంబంధానికీ మధ్య హోమాలజీ ఉందన్నాడు. నవలలో మార్కెట్ ప్రతిబింబిస్తుందని కాదు ఆయన చెప్పింది. రెండింటి నిర్మాణమూ ఒకటే అని. అంతకు రెండేళ్ళ ముందు లెవీ స్ట్రాస్ టోటెముల గురించి రాస్తూ ఇంకా నాజూకైన మాట చెప్పాడు. ఎలుగు వంశం వాళ్ళు ఎలుగులా ఉంటారని కాదు, ఈ వంశానికీ ఆ వంశానికీ ఉన్న తేడా, ఈ జంతువుకీ ఆ జంతువుకీ ఉన్న తేడాతో సరిపోలుతుందని. పోలేది వస్తువులు కాదు, తేడాలు. తర్వాత బూర్డ్యూ కళారంగం, వర్గం, అభిరుచి... అన్నిటి మధ్యా ఈ మాటను పరిచాడు. ఈ ప్రయాణంలో ఒకటి జరిగింది. జీవశాస్త్రంలో ఉన్న తల్లి తప్పిపోయింది. నవల మార్కెట్ కడుపున పుట్టిందా, ఇద్దరూ ఇంకెవరి పిల్లలైనానా అన్నది గోల్డ్‌మన్‌లో తేలదు. అయినా హోమాలజీ అనగానే మనకి చుట్టరికపు నమ్మకం కలుగుతుంది. ఊరికే పోలిక అంటే ఎవరైనా కాదనొచ్చు. హోమాలజీ అంటే కాదనడానికి జంకుతారు. నేను ఆ మాట వాడింది ఆ జంకు కోసమే అని ఇప్పుడు ఒప్పుకుంటాను.

గణితంలో హోమాలజీ వేరే సంగతి, అది నాకు అర్థమైనంత మేరకే చెప్తాను. ఒక ఆకారంలో ఉన్న రంధ్రాలను పట్టుకునే పద్ధతి అది. గారెకి ఒక రంధ్రం ఉంది, ఇడ్లీకి లేదు, ఆ లెక్కన. పాయింకరే 1895లో మొదలుపెట్టిన ఈ పనిలో ముందు రంధ్రాలను సంఖ్యలుగా చెప్పేవారు. 1920ల మధ్యలో ఎమ్మీ నోతర్, సంఖ్యలతో ఆగకండి, వాటి వెనక ఉన్న సమూహాలను, వాటిలోని పరస్పర సంబంధాలను చూడండి అంది. ఆ శాస్త్రం దిశే మారింది. గోటింగెన్‌లో ఆమె పాఠాలు కొంతకాలం హిల్బర్ట్ పేరు మీద ప్రకటించేవారు, ఆడమనిషికి పాఠం చెప్పే అర్హత 1919 దాకా ఇవ్వలేదు కనక. మన సంకలనాల్లో స్త్రీలు ఎందరు, దళిత స్త్రీలు ఎందరు అని లెక్కపెట్టి ఊరుకునేటప్పుడు నాకు నోతర్ గుర్తొస్తుంది.

ఇప్పుడు కవితల దగ్గరికి. 1980లలో జయప్రభ కవిత వచ్చినప్పుడు పుట్టిన అలజడి గురించి మన పెద్దవాళ్ళు కథలుగా చెప్తారు. స్త్రీ శరీరాన్ని సిగ్గుపడాల్సిన వస్తువుగా మార్చి, చూసేవాడి కళ్ళని ఆమె భుజం మీద మోయించే గుడ్డగా పైటను ఆ కవిత చూసింది. తగలెయ్యమంది. ఇరవై ఏళ్ళ వయసులో అది చదివినప్పుడు నా భుజం మీద పిన్నీసు దగ్గర ఏదో మండింది. అది నిజం. ఆ మంటకి నేనిప్పటికీ రుణపడి ఉన్నాను.

సుభద్ర కవితలో ఉన్నదీ అదే చీర, అదే చివర, అదే భుజం. కానీ ఆ కొంగు రొమ్ము మీద కాపలా కాదని కవిత పేరులోనే ఉంది. అది పనిలో తోడు. నడుముకి బిగిస్తుంది, నెత్తికి చుట్టుకుంటుంది, చెమట తుడుస్తుంది, దొరికింది మూట కడుతుంది. ఓవెన్ బొమ్మ ఉన్నదున్నట్టు ఇక్కడ ఉంది కదా అనుకున్నాను. ఎముకలు అవే, పని వేరు. ఒకటి ఎగిరే రెక్క, ఒకటి ఈదే తెడ్డు. అందుకే నిర్మాణసామ్యం! అధ్యాయం రాస్తున్న రాత్రి ఈ ఊహ వచ్చి నిద్రపట్టలేదు.

ఇప్పుడు చూస్తే అందులో తప్పు రెండు చోట్ల ఉంది. మొదటిది, గుడ్డ ఒకటే అని నేను అనుకోవడం. రెండు కవితల్లో ఉన్నది ఒకే అవయవం అనడానికి నా దగ్గర ఉన్న రుజువు చీర మాత్రమే. ఆ చీర కొంగు రొమ్ము మీద ఉండటానికి ఎవరికి ఎప్పుడు అనుమతి ఉంది, ఎవరికి లేదు అన్న చరిత్రను నేను పట్టించుకోలేదు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాల పాటు దెబ్బలు తిని పోరాడితే 1859లో గానీ ప్రకటన రాలేదు. డార్విన్ పుస్తకం వచ్చిన ఏడే అది. ఊరికే కాకతాళీయం, అయినా ఆ రెండు తారీఖులు నా నోటుబుక్కులో పక్కపక్కనే రాసుకున్నాను. కప్పుకోవడమే గెలుపైన శరీరాలకీ, కప్పుకోవడమే శిక్షైన శరీరాలకీ పైట ఒకే అవయవమా?

రెండో తప్పు ఇంకా పెద్దది. గబ్బిలం రెక్క తిమింగలం తెడ్డుకి జవాబు చెప్పదు. అవయవాలు ఒకదాన్నొకటి చదవవు. కవితలు చదువుతాయి. కాపలా కాదు అని సుభద్ర అన్నప్పుడు, ఆ ‘కాదు’ ఎవరితో అంటున్నట్టు? పైట అంటే కాపలా అని ముందే అన్నవాళ్ళతో. ఆ మాట వరసలో పుట్టిన మాట కాదు, ఎదురుగా నిలబడి అన్న మాట. హోమాలజీలో జవాబుకి చోటు లేదు. పూర్వజురాలికి ఎదురు తిరిగే అవయవం ఏ జువాలజీ పుస్తకంలోనూ లేదు. నేను ఆ ‘కాదు’ని చెరిపేసి, దాన్ని ఒక పోలికగా, అదీ మర్యాదగల పోలికగా రాశాను. విమర్శ రాస్తున్నాననుకుంటూ ఒక తగాదాను బంధుత్వంగా నమోదు చేశాను. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చేసేదీ అదే కదా, గొడవ పడినవాళ్ళని పిలిచి మీరంతా ఒక కుటుంబం అని చెప్పి కూర్చోబెట్టడం.

ఇది నా ఒక్కదాని తప్పు కూడా కాదు. 1902లో వచ్చిన భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ తొలి తెలుగు కథా, 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’ తొలి కథా అన్న వాదంలో జరిగిందేమిటి? కథకి ఉండాల్సిన ఎముకలేవో ‘దిద్దుబాటు’ని కోసి తేల్చారు. ఆ ఎముకలు ఎనిమిదేళ్ళ ముందు కథలో ఉన్నాయా అని వెతికారు. అన్నీ దొరకలేదు కనక అది ఇంకా కథ కాదన్నారు. ఓవెన్ గీసిన బొమ్మలా నమూనాని ముందు పెట్టుకుంటే, ముందు పుట్టినది కూడా పూర్తికానిదిగానే కనిపిస్తుంది.

అయితే పోలికే వద్దు అనేదాకా నేను పోలేను. జీవశాస్త్రం కూడా పోలేదు. పురుగు కన్నూ మన కన్నూ విడివిడిగా తయారైనవని చాలాకాలం చెప్పారు. 1990లలో చూస్తే, ఈగలో కన్ను మొదలుపెట్టే జన్యువూ ఎలుకలో కన్ను మొదలుపెట్టే జన్యువూ దగ్గరి చుట్టాలే. ఎలుక జన్యువును ఈగలో పెడితే ఈగ కాలి మీద కన్ను లేచింది. ఎలుక కన్ను కాదు, ఈగ కన్నే. ఇలాంటిదాన్ని 1997 నుంచి ‘డీప్ హోమాలజీ’ అంటున్నారు. చదవగానే నాకు ఆశ పుట్టింది. పైటకీ కొంగుకీ కింద కూడా అంత లోతున ఏదో ఉండి ఉంటుందని. ఆ వెంటనే ఆ ఆశ మీద అనుమానం కూడా పుట్టింది. లోతున మనమంతా ఒకటే అనే మాట ఎప్పుడూ పై వరసలో కూర్చున్నవాళ్ళే ముందు అంటారు.

ఈ ఏడాది ఆ గ్రంథాన్ని పుస్తకంగా వేద్దామని కూర్చున్నప్పుడు, సెమినార్లో ప్రశ్న అడిగిన అమ్మాయికి ఫోన్ చేశాను. తను ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తోంది. పట్టిక మొత్తం తీసేస్తున్నానని చెప్పాను. “ఎందుకక్కా తీసుడు? బాణం అటు నుంచి ఇటు తిప్పి ఒకసారి చదువు” అంది. తిప్పి చదివాను. సుభద్ర కవిత ముందు చదివి, ఆ కొంగు ఇంకా భుజం మీద ఉండగానే జయప్రభ కవితలోకి వెళ్ళాను. తగలెయ్యమన్న చోట మొదటిసారి ఆగిపోయాను. తగలెయ్యడానికి ఇంకో చీర ఉన్న ఇల్లు కనిపించింది, మా ఇల్లే. మంట అప్పుడు కూడా మండింది, కానీ దాని వెలుతురు వేరే చోట పడింది.

ఆ మాటే తనతో చెప్తే కాసేపు మాట్లాడలేదు. “రాయి మరి” అంది. “కానీ మా అమ్మను బొమ్మ చేసి మాత్రం రాయకు.” ఆ అధ్యాయం ఇంకా పూర్తి కాలేదు. మధ్య గడిలో హోమాలజీ అన్న మాట కొట్టేశాను, దాని చోట ఏం రాయాలో తేలక రెండుసార్లు ప్రూఫులు వెనక్కి పంపాను.